కూర్చుంటే అందే పొయ్యి

ఆమె పోయిందన్న సంగతి నాకు ఎల్బీనగర్‌లో ఒక పెళ్ళి భోజనాల దగ్గర తెలిసింది. పోయి అప్పటికే నెలలు దాటాయి. పాత కాలనీలో మా ఎదురింట్లో ఉండే ఆవిడ ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంటూ, "మీ ఓనరాంటీ పోయింది, మీకు ఎరికే గద" అంది. నాకు తెలియదు. మాకు చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. అందులో ఎవరి తప్పూ లేదు. మేం ఆమెకు చుట్టాలం కాదు, ఒకప్పుడు ఆమె ఇంటి పై వాటాలో కిరాయికి ఉన్నవాళ్ళం. అన్నం కలుపుతున్న చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత మళ్ళీ కలుపుకుని తిన్నాను. ప్లేటు వదిలేసి లేస్తే ఆమెకు నచ్చేది కాదు.

ఆమె పేరు రాయను. మేం ఎప్పుడూ పేరుతో అనుకోలేదు కూడా. మా ఆయనకూ నాకూ ఆమె ఆంటీ. కాలనీ అంతటికీ ఓనరాంటీ. చంపాపేట్ నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్ళే రోడ్డులోంచి లోపలికి తిరిగితే మూడో సందులో ఇల్లు. కింద ఆమె ఒక్కతే. పైన మేం. వెనక చిన్న పెరడు, అందులో ఒక సీతాఫలం చెట్టు, బట్టలుతికే బండ, ఎప్పుడూ ఏదో ఒక రిపేరులో ఉండే బోరు మోటారు. ఆమె సొంతూరు నల్గొండ దగ్గర. ఉద్యోగం ఒక సర్కారు ఆఫీసులో. భర్త సంగతి ఆమె ఎత్తలేదు, మేం అడగలేదు.

ఆమెతో బజారుకు వెళ్ళడం ఒక పని. ఏది కొనాలన్నా ముందు వేలి కణుపులతో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేది. స్టీలు గిన్నె, పుచ్చకాయ, ప్లాస్టిక్ కుర్చీ, చివరికి మా పాప కోసం కొన్న ఉయ్యాల గొట్టం కూడా. వినడం అయ్యాక దుకాణంలో స్టూలు ఒకటి అడిగి వేయించుకునేది. నిలబడి ఏ నిర్ణయమూ తీసుకునేది కాదు. కూర్చుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, దుకాణం ఆయన్ని సూటిగా చూసి అడిగేది.

"మీ ఇంట్ల ఏది వాడుతుండ్రు?"

ఈ ప్రశ్నకు చాలామంది తడబడేవాళ్ళు. తడబడితే ఆమె లేచి వచ్చేసేది.

తినడం ఆమెకు ఇష్టం. అందులో మొహమాటం లేదు. ప్లేటులో చివరి ముక్క మిగిలితే, అది నోట్లో వేసుకున్నాక, "ఇంకెవలకన్న కావాల్నా?" అని అడిగేది. అడిగి ముక్కుతో నవ్వేది. గొంతులోంచి కాకుండా ముక్కులోంచి వచ్చే ఆ చిన్న నవ్వు మెట్ల మీదుగా మా వంటింటి దాకా వినిపించేది.

మేం ఆ ఇంట్లో దిగిన రెండో ఏడు ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడు ఉంటుందో తెలిసేది కాదు. ఆమె సమ్మెలో ఉంది. రోజూ పొద్దున్నే తయారై ఎల్బీనగర్ చౌరస్తాకు వెళ్ళేది. అక్కడ వంటా వార్పు జరిగేది. ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులుగా కూర్చుని తినేవాళ్ళు. రోడ్డు దానంతట అదే ఆగిపోయేది. మధ్యాహ్నానికి ఆమె మసి చేతులతో తిరిగి వచ్చి, పెరట్లో పంపు దగ్గర కడుక్కుంటూ విసుక్కునేది.

"నేనొక మాట మాట్లాడ్త అంటే మైకు ఇయ్యరు. గంటె చేతికిస్తరు. పొద్దుగాల పోతే పప్పు కలుపుడే, ఇగ వేరే పని లేదు."

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. మాది గుడివాడ వైపు. రాష్ట్రం విడిపోకూడదన్నది ఆయన మాట. విడిపోవలసిందే అన్నది ఆమె మాట. ఇద్దరూ దాచుకునే రకం కాదు. ఆయన మెట్లు దిగుతుంటే ఆమె కింద నీళ్ళు చల్లుతూ ఉండేది. అక్కడ మొదలయ్యేది.

"సారూ, నువ్వు లెక్కలు చెప్పేటోనివి. మా ఊరి ముంగటికెళ్ళి కాలువ పోతది, మా బాయిల చుక్క నీళ్ళుండయి. గీ లెక్క నాకు జర సమజయ్యేటట్టు చెప్పు."

"నీళ్ళు పల్లం చూసుకుని పోతాయండీ. జిల్లా చూసుకుని కాదు."

"మరి మోటర్లు ఎందుకున్నయి? పల్లంల ఉన్నోళ్ళకేనా?"

ఆయన మెట్టు మీదే ఆగి జవాబు చెప్పేవారు. ఆమె చెంబు కింద పెట్టి దానికి జవాబు చెప్పేది. ఇద్దరి గొంతులూ పెరిగేవి. ఉన్నట్టుండి ఆమె, "సరే, మోటరేస్తున్న, ట్యాంకు నిండినంక పైనుంచి ఒక కేక ఎయ్యి" అని లోపలికి పోయేది. ఆయన నవ్వుకుంటూ బండి తీసేవారు.

అప్పుడు నాకు మూడో నెల. అంతకు ముందు ఏడు ఒక బిడ్డ నిలవలేదు. ఈసారి నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది తాలింపు. నూనె వేడెక్కిన వాసన వస్తే చాలు, కడుపు తిరిగిపోయేది. మా వంటింట్లోదే కాదు, పక్కింట్లో ఆవాలు చిటపటలాడినా తలుపులు వేసుకుని కూర్చునేదాన్ని. మజ్జిగ, బిస్కెట్లు తప్ప ఏదీ కడుపులో ఆగేది కాదు. డాక్టరమ్మ బరువు చూసి, "ఇలా అయితే కష్టం, ఏదో ఒకటి తినాలి" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తిండి మీద ఇష్టం పోయి భయం పట్టుకుంది. మంచం మీద పడుకుని పాత సంగతే తలుచుకునేదాన్ని.

ఒక రోజు ఆసుపత్రి నుంచి వస్తూ కొత్తపేట దగ్గర ఆటో ఆపించి, రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు కొన్నాను. ఎందుకు కొన్నానో నాకే తెలియదు. ఇంటికి చేరేలోపు మొత్తం తినేశాను. గేటు దగ్గర ఆమె నా చేతిలో ఉత్త కంకి చూసింది.

"గిది నువ్వే తిన్నవా?"

"నేనేనండీ."

"ఎల్లగక్కలె?"

"లేదండీ. బాగానే ఉంది."

ఆమె ఆ కంకి నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీ కడుపుకు నూనె పడ్తలేదు. నిప్పు మీద కాల్చింది పడ్తున్నది" అంది. "రేపు మలక్‌పేట దిక్కు పోదాం. పెరట్ల పెట్టనీకె బొగ్గుల పొయ్యొకటి కొనుక్కొద్దాం."

"ఇప్పుడెందుకండీ. సమ్మెలో ఉన్నారు, జీతం కూడా రావట్లేదు కదా."

"నా జీతం వచ్చేదాంక నీ కడుపుల పిల్ల ఆగుతదా?"

సగం ఖర్చు మేం పెట్టుకుంటామని పైకి వెళ్ళాక మా ఆయన చేత కూడా చెప్పించాను. ఆమె వినిపించుకోలేదు.

మర్నాడు బంద్ లేదు. ముందు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక పెద్ద దుకాణానికి తీసుకెళ్ళింది. పై అంతస్తులో ఎర్రగా, గుండ్రంగా, మూత ఉన్న గ్రిల్ ఒకటి పెట్టి ఉంది. బార్బెక్యూ అని బోర్డు. ఆమె దాన్ని చూడగానే మొహం వెలిగింది. కణుపులతో కొట్టింది. మూత తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"సూడు బిడ్డా, మూత ఎంత మంచిగ కూసుంటున్నదో. చప్పుడే లేదు."

అమ్మే ఆయన నడివయసు మనిషి, ఓపికస్తుడు. మూత పెడితే లోపల వేడి అన్ని వైపులా సమానంగా ఉంటుందనీ, పెద్ద ముక్కలు కూడా లోపలి దాకా ఉడుకుతాయనీ, పైన ఉన్న కన్నాలు తిప్పితే నిప్పు పెరుగుతుందనీ తగ్గుతుందనీ వివరంగా చెప్పాడు. ఆమె స్టూలు అడిగి కూర్చుంది. ఇక ఆ ప్రశ్న అడగబోతోంది.

"మీ ఇంట్ల ఏది వాడుతుండ్రు?"

"మా ఇంట్ల గ్యాసేనమ్మా" అన్నాడాయన.

"నిజం చెప్పిండు" అని నా వైపు చూసి తలూపింది. ఆయన మీద గౌరవం పెరిగినట్టుంది. తర్వాత తను లేచి నన్ను ఆ స్టూలు మీద కూర్చోమంది. నేను కూర్చున్నాను. గ్రిల్ నా ముందు పెట్టించింది. ఆమె మూత చటుక్కున తీసి, ఆ గాలి ఎటు వస్తుందో చూసినట్టు నా మొహం మీదికి వంగి చూసింది. అక్కడ సామాను కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు ఆగి మమ్మల్ని చూస్తున్నారు. నాకు సిగ్గేసింది.

"వద్దు" అంది ఆమె. "మూత తియ్యంగనే లోపటి పొగంత ఒక్కసారి నీ మొకం మీద పడ్తది. నీకు సైసదు."

ఆ ఎర్ర గ్రిల్ ఆమెకు ఎంత నచ్చిందో నేను చూశాను. మెట్లు దిగే ముందు వెనక్కి తిరిగి ఇంకోసారి చూసింది కూడా. కానీ ఆమె కొనడానికి వచ్చింది తన కోసం కాదు.

పక్క సందులో స్టీలు సామాన్ల దుకాణంలో మడిచి పెట్టుకునే పొయ్యి ఒకటి దొరికింది. దాన్ని కొట్టి చూసి, "డబ్బా రేకు. నాల్గు సార్లు వేడైతే వంకర పోతది" అంది. కాళ్ళు పొట్టివి. నేల మీద పెడితే నేను వంగాలి. బల్ల మీద పెడితే ఊగుతోంది. అదీ వద్దంది. నేను అలిసిపోయాను, ఏదో ఒకటి తీసేసుకుందామన్నాను. "ఏదో ఒకటి ఎందుకు తీస్కుంటం?" అని నన్ను ఆటో ఎక్కించింది.

మలక్‌పేటలో ఇనుప సామాన్ల దుకాణాలున్న సందులో ఒక ముస్లిం పెద్దాయన కబాబుల పొయ్యిలు చేయించి అమ్మేవాడు. అక్కడ దొరికింది మాకు కావలసింది. పొడుగ్గా తొట్టిలా ఉంది. ఎత్తు కాళ్ళు. పక్కల గాలికి కన్నాలు. లోపల గాడులున్నాయి, ముక్కలు పెట్టే ఇనప జాలీని నిప్పుకు దగ్గరగానో దూరంగానో మార్చి పెట్టుకోవచ్చు. ఆయన కుర్చీ ఖాళీ చేయించి ఆమె నన్ను దాని పక్కన కూర్చోబెట్టింది.

"చెయ్యి చాపు."

చాపాను. వంగకుండా, లేవకుండా, జాలీ చివరిదాకా చెయ్యి అందింది. ఆమె ముక్కుతో నవ్వింది. తర్వాత పెద్దాయన్ని అడిగింది, ఇంట్లో ఏది వాడుతున్నారని.

"ఇదే వాడుతున్నం బహెన్. పండగొస్తే మా ఇంట్ల దీని మీదనే కబాబ్."

"ఏదీ, చూపెట్టుండ్రి."

ఆయన ఇల్లు దుకాణం వెనకే. ఆమె అడిగిందంటే చూడకుండా కదలదని ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది. నవ్వుతూ లోపలికి దారి చూపించాడు. ఆయన భార్య నా మొహం చూసి, ఏమీ అడగకుండా నాకు నీళ్ళు తెచ్చి ఇచ్చి నీడలో కూర్చోబెట్టింది. ఆంటీ మాత్రం వాళ్ళ పాత పొయ్యి ముందు కూర్చుని అడుగు తడిమి చూసింది. బూడిద నిలిచే చోట రేకు తుప్పు పట్టి పల్చబడింది. "మాకు గీ కింద మందం రేకెయ్యాలె. కాళ్ళకింద వెడల్పు పట్టీలు పెట్టాలె, మా పెరట్ల నేల సాపుగ ఉండదు" అంది. ఆయన సరేనని, మేం టీ తాగేలోపు ఆ రెండూ చేయించి ఇచ్చాడు.

పొయ్యిని ఆటో వెనక తాడుతో కట్టి బయల్దేరాం. కొత్తపేట దాటాక ఊరేగింపు అడ్డం వచ్చింది. జెండాలు, డప్పులు, దారి లేదు. ఒక మనిషి ఆటోలోకి తొంగి చూసి ఆమెను గుర్తుపట్టాడు.

"అక్కా, గా పొయ్యి వంటా వార్పుకేనా?"

"కాదు. గీ బిడ్డకు."

అతను నన్ను చూశాడు. "ఎక్కడమ్మా మీది?"

"గుడివాడండి" అన్నాను. అబద్ధం చెప్పడానికి తోచలేదు. 'అండి' అనగానే వెనకున్నవాళ్ళు కూడా నా వైపు చూశారు. డప్పు ఒకటి ఆగింది.

ఆమె ఆటోలోంచి తల బయటపెట్టి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అంది. "కడుపుతోటున్నది, ఎండల కూసోనుండె. ముందుగాల దారియ్యుండ్రి. కొట్లాడాల్నంటె వీళ్ళాయన ఉన్నడు, ఇంటికి రాండ్రి. నేను రోజు కొట్లాడుతనే ఉన్న, ఒక్కదాన్నే అయిత లేదు."

ముందున్నవాళ్ళు నవ్వారు. నవ్వు వెనక్కి పాకింది. అడిగినతనే ఆటో ముందు నడుస్తూ జనాన్ని పక్కకు జరిపాడు.

ఆ సాయంత్రమే పెరట్లో నిప్పు రాజేసింది. కిరసనాయిలు పోయలేదు, ఆ వాసన నాకు పడదని. ఎండు కొబ్బరి పీచు, ఉత్త మొక్కజొన్న కంకులు అడుగున పెట్టి అంటించింది. బొగ్గులు పట్టుకున్నాయి. నేను తొందరపడి చిలగడదుంప అందించబోయాను.

"ఆగు. ఇంక నల్లగున్నయి. గిప్పుడు పెడితే పొగ వాసన పడ్తది. మీద తెల్లగ బూడిద రానియ్యి."

తెల్లబడ్డాక అరచెయ్యి జాలీ మీద పెట్టి చూసుకుంది. "ఇగ ఇయ్యి. గెనుసుగడ్డ."

"మేం చిలగడదుంప అంటామండీ."

"ఏదన్న అను, తిను."

తొక్క మాడి, లోపల మెత్తబడిన ఆ దుంపను చీల్చి ఉప్పు జల్లి ఇచ్చింది. తిన్నాను. ఇంకోటి తిన్నాను. రెండూ కడుపులో నిలిచాయి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత భయం లేకుండా నిద్రపోయాను.

అప్పటినుంచి ఆమె రోడ్డు మీద వంట ముగించుకుని వచ్చి, మళ్ళీ పెరట్లో నా కోసం వండేది. వంకాయలు, ఉల్లిగడ్డలు, పెరుగులో పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించిన కోడి ముక్కలు. చంపాపేట్ మార్కెట్‌లో మంచి బొచ్చె దొరికితే చేప. నూనె చుక్క వాడేది కాదు. నేను కుర్చీలో కూర్చుని నాకు నేనే ముక్కలు తిప్పుకునేదాన్ని. మా ఆయన మొదట మెట్ల మీదే నిలబడి మాట్లాడేవారు. ఆమె అందరికంటే ముందు ఆయనకే ప్లేటు పంపేది. ఆయన ఒక చేత్తో తింటూ రెండో చేత్తో వాదించేవారు. డాక్టరమ్మ ఈసారి బరువు చూసి ఏం తింటున్నావని అడిగింది. నిప్పుల మీద కాల్చినవి అన్నాను. ఆవిడ నవ్వి, అదే కానివ్వమంది.

తర్వాత ఆ రోజు వచ్చింది. ఆయన వేళ కాని వేళ ఇంటికి వచ్చారు. ముంజేతికి కట్టు. కోచింగ్ సెంటర్ అద్దాల మీద ఎవరో రాళ్ళు వేశారు, అద్దం పగిలి గీరుకుపోయింది. పెద్ద దెబ్బ కాదు. నేను కుర్చీలోంచి లేచాను. ఆమె పొయ్యి దగ్గర విసురుతూ ఉంది.

"చూశారా మీవాళ్ళ పని" అన్నారు ఆమెతో.

"ఎవలు?"

"మీరు రోజూ రోడ్డు మీద వండిపెడుతున్నారే, వాళ్ళే."

ఆమె విసనకర్ర ఆపింది. ఆయన చేతి కట్టు చూసింది.

"ఇక్కడ ఉండం ఇంక. ఈ పరిస్థితిలో మనిషిని పెట్టుకుని ఎవరికి భయపడుతూ బతకాలి? ఇల్లు ఖాళీ చేస్తాం. గుడివాడ వెళ్ళిపోతాం."

ఆయన పైకి వెళ్ళిపోయారు. ఆమె జాలీ మీద ఉన్న ముక్కలు మాడకుండా ఒక్కొక్కటే తీసి గిన్నెలో పెట్టింది. మూత పెట్టి నా చేతికిచ్చింది. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాతి రోజుల్లో పెరట్లో నిప్పు లేదు. మెట్ల దగ్గర మాటలు లేవు. బస్సులు లేవు కాబట్టి ఆయన కారు మాట్లాడారు. మా అమ్మ ఫోన్‌లో, వచ్చెయ్ తల్లీ, నేను చూసుకుంటా అంది. నేను పెట్టెలో బట్టలు సర్దుతూ ఎదురింటి తాలింపు వాసనకు ముక్కు మూసుకున్నాను. ఆయన కోపం నాకు అర్థమయింది. ఆమె మౌనమూ అర్థమయింది. మధ్యలో నా ఆకలి ఒకటి ఉంది, అది ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

ప్రయాణానికి ముందు రోజు పొద్దున్నే కింది నుంచి ఆమె గొంతు వినపడింది.

"సారూ, కిందికి రా. ఒక చెయ్యి పట్టు."

ఆయన దిగి వెళ్ళారు. నేను మెట్ల పైన నిలబడి చూశాను. ఆమె పొయ్యికి ఒక వైపు పట్టుకుంది, రెండో వైపు ఆయన్ని పట్టుకోమంది. దెబ్బ తగలని చేత్తో ఆయన ఎత్తారు. ఇద్దరూ మాట్లాడకుండా, మెట్టు మెట్టుకూ ఆగుతూ, దాన్ని మా డాబా మీదికి చేర్చారు. ఆమె మళ్ళీ దిగి బొగ్గుల సంచి తెచ్చింది.

"ఇది పైకి ఎందుకండీ?" అన్నారు ఆయన, ఊపిరి తీసుకుంటూ.

"గుడివాడకు తీస్కపోవాలె గద. కారు మీద కట్టుకో. అక్కడ వాళ్ళమ్మ తాలింపు పెట్టకుండ ఉంటదా? నువ్వే ఎలిగించి ఈ పిల్లకు పెట్టాలె. కూసో, నేర్పిస్త."

ఆయన నిలబడే ఉన్నారు. ఆమె అప్పటికే కింద కూర్చుని పీచు విడదీస్తోంది. "కూసో సారూ. నీ మీద కోపం నాకున్నది, నా మీద నీకున్నది. అది రేపు కూడ ఉంటది. ఆమెకిప్పుడు ఆకలైతున్నది."

నాకు ఆకలి అవుతోందని నేను ఎవరితోనూ అనలేదు.

ఆయన కూర్చున్నారు. ఆమె పీచు ఎలా పేర్చాలో చూపించింది. బొగ్గులు ఒకదాని మీద ఒకటి కొండలా పెట్టి మధ్యలో గాలికి సందు వదలమంది. ఆయన పేర్చింది రెండుసార్లు కూలింది. మూడోసారి ఆమె తన చేతులు వెనక పెట్టుకుని, ముట్టుకోకుండా, మాటలతోనే చేయించింది. అంటుకుంది. ఆయన విసరడం మొదలుపెట్టారు.

"కుట్లు పడ్డయా చెయ్యికి?"

"లేదండీ. పైపైనే."

"రాయి ఏసినోడు నా ముంగట దొరికితే నేనే చెంప పలగ్గొడ్త" అంది ఆమె. "వాడు తప్పు చేసిండు. అది అక్కడ అందరి ముంగట అడుగుత. గాని తెలంగాణ కావాలె అనుడు మాత్రం బంద్ చెయ్య."

ఆయన విసరడం ఆపలేదు. "నేను మాత్రం దానికి ఒప్పుకోనండీ" అన్నారు.

"నువ్వు ఒప్పుకోమని ఎవలడిగిండ్రు? బొగ్గు కలుపు. మధ్యల చల్లబడ్డది."

ఆయన కలిపారు. ముందు దుంపలు పెట్టారు, మరీ దగ్గరగా. ఆమె జాలీని పై గాడిలోకి మార్పించింది. నేను మెట్ల దగ్గర నుంచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన మొదటి దుంప చీల్చి నాకు ఇచ్చారు. ఒక వైపు మాడిపోయింది, ఇంకో వైపు పచ్చి. మొత్తం తిన్నాను.

నేను తింటుంటే ఆయన ఉన్నట్టుండి, "అసలు ఆంటీ, ఆ మోటార్ల మాట మీరు తప్పు చెబుతున్నారు" అన్నారు. ఆమె వెంటనే ఆయన వైపు తిరిగి, కుచ్చిళ్ళు సర్దుకుని, "ఏం తప్పు? చెప్పు" అంది. గొంతులు పెరిగాయి. సందులో పంపు దగ్గరి వాళ్ళు తలెత్తి పైకి చూశారు. నేను రెండో దుంప తీసుకున్నాను. మధ్యాహ్నం ఆయన కారు అతనికి ఫోన్ చేసి రావద్దన్నారు. ఎందుకని నేను అడగలేదు.

ఆమె అన్నంత పనీ చేసింది. ఎదురింటావిడ చౌరస్తాలో ఉండి చూసి వచ్చి చెప్పింది. ఆ రోజు ఆమె గంటె పక్కన పెట్టి, అడక్కుండానే మైకు తీసుకుందట. "రాళ్ళు ఏసేటోళ్ళకు నేను వండ. ఎవలన్న ఏసిండ్రంటె రేపటిసంది పొయ్యి ముట్టియ్య" అందట. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఆమె మీదే అరిచారు. ఆంధ్రా సెటిలర్లకు ఇల్లు కిరాయికిచ్చి వాళ్ళ మాటే మాట్లాడుతోందని ఒకతను మొహం మీదే అన్నాడట. ఆమె మాకు ఇదేమీ చెప్పలేదు. ఆ రోజు కూడా మసి చేతులతో వచ్చి, పంపు దగ్గర కడుక్కుని, పైకి వచ్చి నిప్పు చూసింది.

పాప ఆ ఇంట్లోనే పుట్టి పెరిగింది. పొయ్యి మళ్ళీ పెరట్లోకి దిగింది. రాష్ట్రం వచ్చిన రోజు కాలనీ అంతా రంగులు, డప్పులు. ఆమె సందు చివరిదాకా వెళ్ళి డప్పు ముందు నాలుగు అడుగులు వేసి, ఆయాసపడుతూ తిరిగి వచ్చింది. అప్పటికి మా ఆయన పెరట్లో నిప్పు చేసి పెట్టారు. బొచ్చె చేప తనే తెచ్చారు, తనే కాల్చారు. "మీరు గెలిచారు ఆంటీ. ఇవాళ మీరు కూర్చోండి" అన్నారు. ఆమె ఆయన్ని అనుమానంగా చూసింది. తర్వాత కూర్చుంది. ఆయన ఇచ్చిన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఉప్పు జర తక్కువైంది" అంది. కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల కాదు, నిప్పు తెల్లగానే ఉంది.

మా పాప ఇద్దరి మధ్యా తిరుగుతూ ఉంది. అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటున్న వయసు. ఆమె దగ్గరికి వెళ్ళి, "అమ్మమ్మా, ఇంకోటి కావాలె" అంది. ముక్క తీసుకుని వాళ్ళ నాన్న వైపు తిరిగి, "నాన్నా, నీకు కావాలా?" అంది. ఆమె, ఆయన ఒకరినొకరు చూసుకున్నారు. ఆ రోజు మాత్రం ఇద్దరూ వాదించుకోలేదు.

కొన్నాళ్ళకు అల్మాస్‌గూడలో సొంత ఫ్లాటు కొనుక్కుని మారాం. సామాను లారీ ఎక్కుతోంది. పొయ్యి ఆమె పెరట్లోనే ఉంచమన్నాను, అది అక్కడిదే. ఇన్నేళ్ళూ అనలేని మాట ఆ రోజైనా అందామని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆంటీ, ఆ రోజుల్లో మీరు లేకపోతే..."

"లేకపోతే ఇంకెవలో వండి పెడుతుండె. మనుషులే లేరా?" అని చెయ్యి విడిపించుకుంది. "పో, బీరువా ఎక్కిస్తుండ్రు, అద్దం పలుగుతది, పోయి చూసుకో."

నేను బీరువా దగ్గరికి వెళ్ళాను. మాట సగంలో ఆగిపోయింది. తర్వాత కలిసినప్పుడు కూడా దాన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. ఇంకెవరైనా వండేవారేమో నాకు తెలియదు. వండింది మాత్రం ఆమె.